పాలు పొంగేలోపు

స్టవ్ వెలిగించి, పాలగిన్నె పెట్టి, ఫోను తీసింది. ఈ మూడు పనులూ ఆమెకు ఒకే చేత్తో, ఒకే ఊపులో అయిపోతాయి. రెండో చేతిలో చీపురో, పిల్ల జడో, ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. ఇవాళ ఉన్నది పాలప్యాకెట్ చించిన మూల. దాన్ని బుట్టలోకి విసిరేసి, గోడకు ఆనుకుని నిలబడి, బొటనవేళ్ళతో రాయడం మొదలుపెట్టింది.

ఆమె బ్లాగు పేరే 'పాలు పొంగేలోపు'. పొద్దున పాలు పొంగేలోపు ఎంత రాయగలిగితే ఆ రోజుకు అంతే పోస్టు. పొంగు పైకి వచ్చిందా, వాక్యం ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది, ఒక్కోసారి క్రియ కూడా లేకుండా. మొదట్లో గతిలేక అలా వదిలేసేది. తర్వాత చదివేవాళ్ళకు అదే ముచ్చటైపోయింది. "ఇవాళ పాలు మరీ తొందరపడ్డట్టున్నాయే" అని కామెంట్లు పెడతారు. తెగిన వాక్యాన్ని తలా ఒక రకంగా పూర్తిచేస్తారు. ఇల్లూ పిల్లా ఉద్యోగమూ ఉన్న మనిషికి ఇంతకన్నా చోటు ఎక్కడ దొరుకుతుంది? మిగతా రోజంతా ఎవరో ఒకరు పట్టుకుపోతూనే ఉంటారు.

"పాలు ఇంకా పొంగలేదా?"

అత్తగారు. రోజూ ఇదే వేళకు, ఇదే ప్రశ్నతో వంటింట్లోకి వస్తుంది. స్టవ్ పక్కనున్న ఫ్లాస్కు దాకా వెళ్ళి, కోడలి వీపు వెనకనుంచి వంగి, గ్లాసులో వేణ్ణీళ్ళు పట్టుకుని, వెళ్తూ వెళ్తూ ఒక మాట అంటుంది.

"లేదత్తయ్యా."

"ఆ పెట్టె కేసి చూస్తే ఎలా పొంగుతాయి? గిన్నె కేసి చూడాలి గానీ."

ఆమె తలెత్తలేదు. ఆ మాటను అప్పటికే టైపు చేసేస్తోంది. బ్లాగులో ఆవిడ పేరు ఇన్‌స్పెక్టర్. లిఫ్టులు బాగుచేసే భర్త లిఫ్టుగారు. నోరు మూతపడని పదేళ్ళ కూతురు రేడియో. వీళ్ళలో ఎక్కువమంది అభిమానులున్నది ఇన్‌స్పెక్టర్‌కే. ఆవిడ రాని రోజున "ఇవాళ తనిఖీ లేదా?" అని అడుగుతారు. "పాలు ఇంకా పొంగలేదా?" అన్న మాటైతే, ముక్కూ మొహం తెలియని జనం ఒకళ్ళనొకళ్ళు పలకరించుకునే మాటైపోయింది.

పొంగు గిన్నె అంచుదాకా వచ్చింది. ఆమె స్టవ్ కట్టేసి, పోస్టు నొక్కేసి, "జడ వేసుకుందువుగానీ రావే" అని కూతురి కోసం కేక పెట్టింది. రాత్రి తోమిన గిన్నెల నీళ్ళు ఇంకా ఆరలేదు. రెండు లంచ్ డబ్బాలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

ఆ గురువారం ఆమెకు కాలు ఒక చోట నిలవడం లేదు. ముందురోజు ఒక వెబ్ పత్రిక ఎడిటరమ్మ మెసేజ్ పెట్టింది. "మీ బ్లాగు మొత్తం చదివాను. మాకు వారం వారం ఒక శీర్షిక రాస్తారా? మొదటిది, ఇంటిపనీ పిల్లలూ ఉద్యోగం మధ్య మీకు రాయడానికి టైము ఎలా దొరుకుతోందో రాయండి. మంగళవారం లోపు కావాలి. మీకు వీలుకాకపోతే ఇంకొకావిణ్ణి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు." టైము ఎలా దొరుకుతోందో రాయడానికి టైము ఎక్కడుంది? ఈ జోకు తనకు తనే రెండుసార్లు చెప్పుకుంది గానీ నవ్వు రాలేదు. పేరుతో సహా అచ్చులాంటి చోట కనిపించడం. వాక్యాన్ని చివరిదాకా రాయడం. అది కావాలని ఎంతగా ఉందంటే ఆ మెసేజ్‌ను ఎన్నిసార్లు తెరిచి చదువుకుందో లెక్కలేదు.

ఆమె పనిచేసేది కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో. ముందు గదిలో షాపాయన జనం ముక్కుల మీద ఫ్రేములు పెట్టి అద్దం చూపిస్తుంటాడు. వెనక ఆమె లెన్సు పవరు చూసి, నడిమధ్యన సిరాచుక్క పెట్టి, ఫ్రేము ఆకారానికి మిషనులో బిగిస్తుంది. సానరాయి తిరుగుతుంది, నీళ్ళు చిమ్ముతుంటాయి, గుండ్రటి గాజు మెల్లగా ఫ్రేము పోలికలోకి వస్తుంది. అది కోస్తున్నంతసేపూ చేతులు ఖాళీ. ఆ ఖాళీలోనే ఫోను తీసి మొదటి వాక్యం రాసింది: 'ఆడదానికి టైము ఎవరూ ఇవ్వరు. దొంగిలించుకోవాలి.'

చదువుకుంటే ఒళ్ళు ఝల్లుమంది. ఆగలేక ఎడిటరమ్మకు పంపేసింది. మిషను ఆగేలోపే జవాబొచ్చింది. "అదిరింది. ఇదే మీ శీర్షిక పేరు పెట్టేద్దాం. దొంగిలించిన టైము."

ఆ ఉత్సాహంతోనే సాయంత్రం మెట్లెక్కింది. తలుపు ఓరగా తీసి ఉంది. చెప్పులు విప్పబోతూ, లోపల ఎవరో తన మాటలు మాట్లాడుతుంటే ఆగిపోయింది.

రేడియో చదువుతోంది, నాటకంలోలాగా గొంతు మార్చి మార్చి.

"'ఇన్‌స్పెక్టర్‌గారు ప్రవేశించారు. కళ్ళజోడు పాతదే, అనుమానమే కొత్తది. ఆ గీతలు పడ్డ అద్దాల్లోంచి ఆవిడకు లోకమంతా మసగ్గానే కనిపిస్తుంది, నా ఫోను తప్ప.' నానమ్మా, ఇది నువ్వే!"

"తెలుస్తూనే ఉంది, చదువు."

అత్తగారు కుర్చీలో కూర్చుని, తల ఒక పక్కకు వంచి వింటోంది. ఒడిలో ఆరిన బట్టలు. వాళ్ళ నాన్న పాత ఫోను పిల్ల చేతిలో ఉంది. కోడలు గుమ్మంలో నిలబడిపోయింది. ఒక చెప్పు కాలికే ఉంది.

"వచ్చావా?" అంది ఆవిడ, మామూలుగానే. "కిందివాటా ఆవిడ మెట్ల మీద కనిపించి, 'ఏం ఇన్‌స్పెక్టరుగారూ, పాలు పొంగాయా?' అంది. నాకర్థం కాలేదు. మీ కోడలు రాసినవే చదువుకోండి అంది. నాకు ఈ అద్దాల్తో అక్షరం ఆనదు కదా, అందుకని దీన్ని చదవమన్నాను."

"అత్తయ్యా, అది ఊరికే సరదాకి..."

"బాగా రాశావు. నవ్వొచ్చింది." ఆవిడ ఒక చొక్కా తీసి, చేతులు వెనక్కి మడిచి, గుండీల వరస సరిచూసి, ఒడిలో చదును చేసింది. "అయితే నా అద్దాలు గీతలు పడ్డ సంగతి ఊరందరికీ తెలుసన్నమాట."

చెంప మీద కొట్టినా బాగుండేది. అత్తగారి కళ్ళు చూసి డాక్టరు రాసిచ్చిన చీటీ ఎప్పటినుంచో కోడలి హ్యాండ్‌బ్యాగులో నలుగుతోంది. "ఈ వారం చేసిపెడతానత్తయ్యా" అని ఎన్ని వారాలు అందో ఆమెకే గుర్తులేదు. ఊళ్ళోవాళ్ళందరి కళ్ళజోళ్ళూ కోసే మనిషి! ఇంకొకటి కూడా ఉంది, అది ఆమె పైకి ఎప్పుడూ అనుకోలేదు. అద్దాలొస్తే ఆవిడ చదువుతుంది. ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఆ మాట తనతో తను అనుకోక తప్పలేదు.

శుక్రవారం పొద్దున పాలు పొంగిపోయాయి.

రెండో వాక్యంలో ఉండగానే చుయ్‌మని చప్పుడైంది. పాలు స్టవ్ మీద, గట్టు మీద, అక్కణ్ణుంచి ఆమె పాదాల మీదికి కారాయి. మంట పసుపురంగుకి తిరిగి ఆరిపోయింది. ఇల్లంతా మాడువాసన. పరధ్యానంలో ఉండి ఉంటాననుకుని తుడుచుకుంది. శనివారం మళ్ళీ అదే. ఈసారి ఒక్క వాక్యమైనా పూర్తికాలేదు. 'నిన్న' అని రాసి పైకి చూసేసరికి పాలు గిన్నె దిగిపోతున్నాయి.

అత్తగారు వంటింట్లోకి రాలేదు. ఫ్లాస్కు తన గదిలోకి తీసుకెళ్ళి పెట్టుకుంది. కోపమేమీ చూపించలేదు, అదే భరించలేకుండా ఉంది. డబ్బాలు సర్దింది, పిల్లకు జడ వేసింది, కొడుకు చొక్కా గుండీ కుట్టింది. "పాలు ఇంకా పొంగలేదా?" అని మాత్రం అడగలేదు. ఆ ప్రశ్న లేని వంటిల్లు కోడలికి పరాయి ఇల్లులా ఉంది.

"స్టవ్‌కేదో వచ్చింది, ఒకసారి చూడండి" అంది భర్తతో.

"పొద్దున్నుంచీ లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళని బయటికి లాగి లాగి వచ్చాను. రేపు ఆదివారమేగా, చూస్తాలే."

"రేపటి పాలు కూడా గట్టుకే పోయాలా?"

"పోనీ నువ్వా ఫోను కాస్త పక్కన పెడితే సరిపోతుందేమో!"

తను మాత్రం ఆ మాట తన ఫోనులోంచి తలెత్తకుండానే అన్నాడు. మామూలప్పుడైతే ఇది మంచి పోస్టు అయ్యేది. ఇప్పుడు వేళ్ళు ఊరుకున్నాయి.

షాపులోనూ పని చేతికి రాలేదు. మిషను తిరుగుతున్నంతసేపూ ఫోను తీసి, 'దొంగిలించుకోవాలి' దగ్గర ఆగి, ఒక ముక్క రాసి, చెరిపేసి, మళ్ళీ రాసి కూర్చుంది. ఆ హడావుడిలో ఎవరిదో కుడికంటి లెన్సు ఎడమవైపు ఆకారానికి కోసేసింది. షాపాయన లెన్సును వెలుతురులో పెట్టి చూసి, "మనసెక్కడ పెట్టుకున్నావమ్మా?" అన్నాడు. అరిచినా బాగుండేది. ఆమె కొత్త లెన్సు తీసి మళ్ళీ చుక్క పెట్టింది. మంగళవారం దగ్గరకొచ్చేస్తోంది. మొదటి వాక్యం తర్వాత ఒక్క అక్షరం కూడా నిలబడటం లేదు.

ఆదివారం మధ్యాహ్నం భర్త పేపరు పరిచి, బర్నర్లు విప్పి, ఒక్కొక్క కన్నంలోనూ సూది పెట్టి చూశాడు. ఊదాడు. ట్యూబు వంచి వాసన చూశాడు. లిఫ్టు మోటారు కన్నా ఎక్కువ గంభీరంగా చూశాడు. మళ్ళీ బిగించి వెలిగించాడు.

"దీనికేం లేదే. మంట శుభ్రంగా ఉంది. కొత్తదానికి కూడా ఇంత బాగా రాదు."

"మరెందుకలా పొంగిపోతున్నాయి?"

రేడియో బల్ల దగ్గర కూర్చుని బొమ్మకు రంగులు వేస్తోంది. తలెత్తకుండానే అంది.

"స్టవ్‌కి ఏం కాలేదు నాన్నా. నానమ్మ సిమ్‌లో పెట్టడం మానేసింది, అంతే."

"ఏం మానేసింది?"

"అమ్మ స్టవ్ పెద్దది చేసి వెలిగిస్తుంది కదా. నానమ్మ రోజూ వచ్చి, నీళ్ళు పట్టుకుంటూ రెండో చేత్తో ఇలా తిప్పేది." గాలిలో వేలూ బొటనవేలూ కలిపి మెల్లగా తిప్పి చూపించింది. "మళ్ళీ వెళ్ళేటప్పుడు 'పెట్టె కేసి చూస్తే ఎలా పొంగుతాయి' అనేది. నాకు నవ్వొచ్చేది. సిమ్‌లో పెట్టేసి, ఎలా పొంగుతాయి అంటుందేంటి అని!"

"నువ్వెందుకు చెప్పలేదే?" అంది తల్లి.

"నీకు తెలుసనుకున్నా. నీ వెనకాలే కదా చేసేది."

భర్త సూదిని పేపరుకు తుడిచి, భార్య మొహంలోకి చూసి, పేపరు మడిచాడు. ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది. తన పోస్టులన్నీ, ఆ తెగిన వాక్యాలన్నీ, తను దొంగిలించానని గొప్పలు పోయిన ఆ టైమంతా ఎవరిచ్చారు? పైగా ఇచ్చిన మనిషినే ప్రతి పొద్దునా నలుగురి ముందు నిలబెట్టి నవ్వించింది. ఫ్లాస్కు మీదికి వంగిన ఆ చెయ్యి, ఇంతకాలంగా, ఒక్కసారైనా తన కంట పడలేదు.

హ్యాండ్‌బ్యాగులోంచి చీటీ తీసింది. సొరుగులోంచి చిన్న స్కేలూ, గాజు మీద రాసే పెన్నూ తీసుకుని అత్తగారి గదిలోకి వెళ్ళింది. ఆవిడ కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని, సూదిలో దారం ఎక్కించడానికి తంటాలు పడుతోంది. దారాన్ని తడిచేసి, దూరంగా పట్టుకుని, మళ్ళీ దగ్గరకు తెచ్చి, గురి తప్పి, నిట్టూరుస్తోంది.

"ఇలా ఇవ్వండి."

దారం ఎక్కించి ఇచ్చి, కుర్చీ లాక్కుని ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. "కళ్ళజోడు కొలతలు తీయాలి. ఫ్రేము కొత్తది తీసుకుందామా?"

"వద్దు. ఇది నా ముక్కుకి అలవాటైపోయింది. అద్దాలు మాత్రం మార్చు." ఆవిడ సూది దిండుకు గుచ్చింది. "ఇంత ఉన్నట్టుండి ఎందుకు?"

"తల కదపకండి. నా ఈ కంట్లోకి చూడండి."

స్కేలు ఆవిడ ముక్కు మీద ఆనించి, తను ఒక కన్ను మూసింది. రెండు కనుపాపల మధ్య దూరం తీయాలంటే కొలిచేవాళ్ళు ఎదుటివాళ్ళ కళ్ళలోకి తిన్నగా చూడక తప్పదు, తామూ వాళ్ళ కంట పడకా తప్పదు. షాపులో ఎంతమందికో తీసింది. ఎవరి కళ్ళూ గుర్తుండవు. అత్తగారి కళ్ళు ఇంత లేతగోధుమ రంగులో ఉంటాయని ఇప్పుడే తెలిసింది. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళుండి!

"సిమ్‌లో ఎందుకు పెట్టేవారు?"

కనుపాప ఒక్కసారి కదిలింది. స్కేలు మీద గీత తప్పిపోయింది.

"రేడియో చెప్పిందా? దాని నోట్లో ఏదీ దాగదు."

"చెప్పండత్తయ్యా."

"పొంగితే గట్టు తుడవాల్సింది నేనే కదా. అందుకని."

"గట్టు నేనే తుడుస్తున్నాను రెండ్రోజుల్నుంచి. ఇంకో కంట్లోకి చూడండి."

ఆవిడ చూపు రెండో కంట్లోకి మార్చింది.

"రాసుకునేటప్పుడు నీ పెదాలు కదులుతాయి, తెలుసా? చిన్నపిల్లలు చదువుకుంటున్నట్టు. ఒకరోజు నేను గట్టిగా పిలిస్తే మధ్యలో ఆపేశావు. ఆ రోజంతా నీ మొహం చూడలేకపోయాం. డబ్బాలు విసిరేశావు, పిల్లని కసిరావు. ఇదేదో పూర్తయితేనే ఇంటికి మంచిదనిపించింది. నీ పెట్టెలో ఒక సిమ్ము ఉంటే, నా చేతిలో ఒక సిమ్ము ఉంది. అంతే."

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. స్కేలు పట్టుకున్న చెయ్యి గట్టిగా బిగించుకుంది. "మరి మానేశారేం?"

"ఇన్‌స్పెక్టర్‌కి స్టవ్ దగ్గరేం పని?"

ఆ మాట నవ్వుతూనే అంది. కానీ కింది పెదవి కొంచెం అదిరింది. ఇంత దగ్గర్నుంచి దాన్ని చూడకుండా ఉండటానికి వీల్లేదు.

"తప్పు చేశానత్తయ్యా."

"ముందు కొలత సరిగ్గా తియ్యి. మెల్లకన్ను తెప్పించేవు."

కోడలు పాత కళ్ళజోడు ఆవిడకు పెట్టి, అద్దాల మీద, కింది రెప్ప దగ్గర పెన్నుతో సన్నని గీత గీసింది. చదివే అద్దం మొదలవ్వాల్సింది అక్కణ్ణుంచే.

సోమవారం ఆ కళ్ళజోడు ఆమెతో షాపుకు వెళ్ళింది. ఆ రోజంతా అత్తగారు గుమ్మం దాటకుండా, గొంతులను బట్టి వచ్చిందెవరో పోల్చుకుంటూ కూర్చుంది. షాపులో ఆమె పాత లెన్సులను ఊడదీసి వెలుతురులో పెట్టి చూసింది. గీతలు కాదు, పైపూత మొత్తం పొరలు పొరలుగా లేచిపోయింది. ఈ గాజులోంచా ఆవిడ ఇన్నాళ్ళూ బియ్యంలో రాళ్ళేరింది, గుండీలు కుట్టింది! 'లోకమంతా మసగ్గానే కనిపిస్తుంది.' ఎంత సులువుగా రాసేసింది!

చుక్క పెట్టింది. సరిచూసింది. మళ్ళీ సరిచూసింది. మిషనులో బిగించింది. రాయి తిరగడం మొదలైంది, నీళ్ళు చిమ్మాయి. ఈసారి ఫోను తీసింది గానీ శీర్షిక కోసం కాదు. "ఆ మొదటి వాక్యం తీసేస్తున్నానండీ. అది అబద్ధం. నేనేదీ దొంగిలించలేదు, నాకు ఇచ్చారు. కొత్తగా రాయాలి. రాశాక ముందు ఇంట్లో ఒకరు చదవాలి, వాళ్ళు సరేనంటేనే పంపుతాను. మంగళవారానికి కాదు. మీరు ఇంకొకావిణ్ణి అడిగినా నేనేమీ అనుకోను."

చివరి ముక్క అబద్ధమే. అనుకుంటుంది, చాలా అనుకుంటుంది. అయినా పంపేసింది. ఫోను సొరుగులో పడేసి, లెన్సు అంచు వేలితో తడిమి, ఎక్కడా గరుకు లేకుండా మళ్ళీ ఒకసారి నున్నగా చేసింది. ఫ్రేము వేడిచేసి అద్దాలు కూర్చింది. దారంతో కట్టి ఉన్న కాడకు కొత్త స్క్రూ వేసింది. సాయంత్రం దాకా ఫోను మోగలేదు.

మంగళవారం పొద్దున స్టవ్ వెలిగించి, పాలగిన్నె పెట్టి, ఫోను తీసింది. గుమ్మం దగ్గర చప్పుడైంది. కొత్త అద్దాల్లోంచి అత్తగారు వంటింటిని ఈ మూల నుంచి ఆ మూల దాకా చూస్తోంది.

"ఆ గోడమీద అంత జిడ్డుందేంటే! ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?"

"మీకు కనిపించదనే ధైర్యం."

"ఇక నీ పని అయిపోయింది." స్టూలు లాక్కుని కూర్చుని, చెయ్యి చాచింది. "ఏదీ, ఆ పెట్టె ఇలా ఇవ్వు."

కోడలి చెయ్యి ఒక్క క్షణం తటపటాయించింది. అందులో అన్నీ ఉన్నాయి. మొదటి పోస్టు నుంచి. 'ఇన్‌స్పెక్టర్ బదిలీ అయితే బాగుండు' అన్నది కూడా ఉంది. తీసేద్దామా అని నిన్న అనుకుంది, వేలు దాకా వచ్చింది కూడా. తీసెయ్యలేదు. బ్లాగు మొదటి పేజీ తెరిచి, అక్షరాలు పెద్దవి చేసి, ఆవిడ చేతిలో పెట్టింది.

ఆవిడ గడ్డం కొంచెం ఎత్తి, కింది అద్దంలోంచి చూపు దించి, చదవడం మొదలుపెట్టింది. పెదాలు కదులుతున్నాయి. ఒకచోట నవ్వింది. ఒకచోట ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ చదివింది. నవ్వలేదు.

"ఇదిగో, ఇక్కడ తప్పు. నేను 'ఫోను' అన్నానని రాశావు. నేనెప్పుడైనా ఫోను అన్నానా? పెట్టె అనే కదా అంటాను."

"దిద్దుతానత్తయ్యా."

"దిద్దు మరి. రాస్తే సరిగ్గా రాయాలి." వేలితో పైకి తోసింది. "అయ్యో, పైన ఏదో వచ్చిందే. ఎవరో పత్రికావిడట."

రెండడుగులు వేస్తే చూసెయ్యొచ్చు. సరేనందో, ఇంకొకావిణ్ణి అడిగిందో. కాళ్ళు అప్పుడే కదిలాయి కూడా. అటు చూస్తే అత్తగారి పెదాలు మళ్ళీ కదలడం మొదలుపెట్టాయి.

"పక్కకి తోసెయ్యండి. తర్వాత చూస్తాలే. మీరు చదవండి."

చేతులు ఖాళీగా ఉన్నాయి. ఏం చెయ్యాలో తెలియక ఆమె స్టవ్ వైపు తిరిగి, గిన్నె కేసి చూసింది. ఇన్నేళ్ళలో పాలు కాగడం ఆమె ఎప్పుడూ మొదటినుంచీ చూడలేదు. అంచుల చుట్టూ సన్నని బుడగలు చేరాయి. నడుమ మీగడ ముడతపడింది, మెల్లగా పైకి ఉబ్బడం మొదలైంది. ఆవిడింకా మొదటి నెల పోస్టుల్లోనే ఉంది.

కోడలు చెయ్యి చాచి, చప్పుడు కాకుండా, సిమ్‌లో పెట్టింది.

"పాలు ఇంకా పొంగలేదా?" అంది అత్తగారు, తలెత్తకుండా.

"లేదత్తయ్యా. ఇంకా టైముంది."